నెట్‌వర్క్ బూట్‌తో నడిచే లినక్స్ థిన్ క్లయింట్

సొంత హార్డ్ డిస్క్‌తో పని లేకుండా, ఆన్ చేసిన ప్రతిసారీ నెట్‌వర్క్ కేబుల్ గుండా సర్వర్ నుంచి లినక్స్‌ను తెప్పించుకుని నడిచే కంప్యూటర్ ఇది. దీనికోసమే తయారుచేసిన చిన్న పెట్టెలు మార్కెట్లో ఉన్నాయి గానీ, డిస్క్ పాడై మూలన పడ్డ ల్యాప్‌టాప్ కూడా చక్కగా సరిపోతుంది. తెర, కీబోర్డు, కేబుల్ పోర్టు, కొంత మెమరీ బాగుంటే చాలు. గాలివాన వస్తే కరెంటు పోయే కోనసీమ లాంటి చోట, బ్యాటరీ ఇంకా కాసేపైనా నిలబడే ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ కన్నా మేలు. అయితే సర్వర్‌కూ, నెట్‌వర్క్ స్విచ్‌కూ యూపీఎస్ ఉంటేనే ఆ మేలు దక్కుతుంది.

చరిత్ర

డిస్కులు ఖరీదైన రోజుల్లో పుట్టిన ఆలోచన ఇది. 1980ల మధ్యలో సన్ మైక్రోసిస్టమ్స్ డిస్క్ లేని వర్క్‌స్టేషన్లు అమ్మేది. వాటి ఫైళ్లన్నీ సర్వర్లోనే ఉండేవి. ఆన్ అయిన యంత్రానికి తన చిరునామాయే తెలియదు, మరి సర్వర్‌ను ఎలా అడగాలి? 1985 సెప్టెంబరులో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ రాసిన బూట్‌పీ ప్రమాణం దీనికి దారి చూపింది. యంత్రం తన నెట్‌వర్క్ కార్డు నంబరు చెప్పి నెట్‌వర్క్ మొత్తానికీ వినపడేలా అడుగుతుంది. సర్వర్ దానికో ఐపీ చిరునామా, తెచ్చుకోవలసిన ఫైలు పేరు చెబుతుంది. 1993లో వచ్చిన డీహెచ్‌సీపీ దీని కొనసాగింపే. ఇంట్లో వైఫై రౌటర్ మన ఫోనుకు చిరునామా ఇచ్చేది దానితోనే.

1990ల చివర ఇంటెల్ పీఎక్స్‌ఈ ప్రమాణాన్ని తెచ్చింది. దాని 2.1 వెర్షన్ 1999 సెప్టెంబరు నాటిది. ఆ తర్వాత నెట్‌వర్క్ నుంచి బూట్ అయ్యే సదుపాయం మామూలు పీసీలకూ, ల్యాప్‌టాప్‌లకూ వచ్చేసింది. నేటి పాత ల్యాప్‌టాప్ థిన్ క్లయింట్‌గా మారగలుగుతోందంటే, పాతికేళ్ల కిందటి ఆ ప్రమాణమే కారణం.

అదే 1999లో జిమ్ మెక్‌క్విలన్ లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు, అంటే ఎల్‌టీఎస్‌పీని మొదలుపెట్టారు. బడుల కోసం రూపొందిన లినక్స్ ‘ఎడుబుంటు’ 2005 అక్టోబరు తొలి విడుదలలోనే అది చేరడంతో బడులకు దగ్గరైంది. పని మొత్తం సర్వరే చేసి తెరను మాత్రమే పంపడం తొలినాటి తీరు. పాత ల్యాప్‌టాప్‌లకు కూడా మంచి ప్రాసెసర్లు వచ్చాక ఆ భారం సర్వర్ మీద ఎందుకన్న ప్రశ్న వచ్చింది. 2019లో గ్రీస్‌కు చెందిన ఆల్కిస్ జార్జోపౌలోస్ ఎల్‌టీఎస్‌పీని కొత్తగా రాశారు. అందులో లినక్స్ సర్వర్ నుంచే వస్తుంది, ప్రోగ్రాములు మాత్రం ల్యాప్‌టాప్ ప్రాసెసర్ మీదే నడుస్తాయి. నిక్కచ్చిగా చూస్తే దాన్ని థిన్ అనకూడదు గానీ, వాడుకలో అదే పేరు నిలిచింది.

పనిచేసే తీరు

డెల్, లెనోవో ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఆన్ చేయగానే ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే బూట్ మెనూ వస్తుంది. అందులో నెట్‌వర్క్ ఎంచుకోవాలి. ‘పీఎక్స్‌ఈ-ఈ61, మీడియా టెస్ట్ ఫెయిల్యూర్, చెక్ కేబుల్’ అని వస్తే కేబుల్ అందలేదని. ‘ఈ53’ వస్తే చిరునామా దొరికింది, ఫైలు పేరు మాత్రం ఎవరూ చెప్పలేదని. ఇంటి రౌటర్ చిరునామా మాత్రమే ఇచ్చి ఊరుకుంటుంది కాబట్టి ఈ రెండోదే తరచుగా ఎదురవుతుంది. రౌటర్‌ను కదపనక్కర్లేదు. సర్వర్‌లో డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రామును ప్రాక్సీ డీహెచ్‌సీపీగా పెడితే ఫైలు పేరు అది చెబుతుంది.

ఆ ఫైలు టీఎఫ్‌టీపీ ద్వారా వస్తుంది. ఆ పద్ధతి తొలి రూపంలో ఒకసారికి 512 బైట్లే కదులుతాయి; ఒక ముక్క అందిందని జవాబు వెళ్లాకే మరో ముక్క బయల్దేరుతుంది. 50 ఎంబీ ఫైలుకు దాదాపు లక్ష ముక్కలు! అందుకే ముందు ఐపీఎక్స్‌ఈ అనే చిన్న బూట్ లోడర్‌ను తెప్పించి, పెద్ద ఫైళ్లను అవకాశం ఉన్నచోట హెచ్‌టీటీపీ మీద లాగుతారు. ఆపైన లినక్స్ కెర్నల్ లేచి, మిగతా సిస్టమ్‌ను ఎన్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతి ద్వారా సర్వర్ నుంచే చదువుకుంటుంది.

వైఫై మీద పీఎక్స్‌ఈ సాధారణంగా పనిచేయదు. కేబుల్ పోర్టే లేని పలచటి ల్యాప్‌టాప్‌లు ఈ పనికి అంత సులువుగా అక్కరకు రావు. బరువైన పాతవే నయం. పది యంత్రాలు ఒకేసారి లేస్తాయంటే గిగాబిట్ స్విచ్ పెట్టాల్సిందే.

తెలుగు నేలపై

ఇక్కడ థిన్ క్లయింట్ల కుటుంబానికి చెందిన ఒక పెద్ద ప్రయోగం 2008లో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల కంప్యూటర్ ల్యాబుల కోసం ఎన్‌కంప్యూటింగ్ సంస్థ పరికరాలు ఎంచుకున్నారు. 18 లక్షల మంది విద్యార్థులకు ఇది చేరుతుందని అప్పట్లో ఆ సంస్థ ప్రకటించింది. ఇది నెట్‌వర్క్ బూట్ కాదు. ఒక పీసీ శక్తిని పలువురు పంచుకునే ఏర్పాటు. పిల్లల ముందు తెర, కీబోర్డు, చిన్న పెట్టె మాత్రమే ఉంటాయి. ప్రైవేటు సంస్థలు ల్యాబు పెట్టి, ఐదేళ్లు నడిపి, బడికి అప్పగించాలన్నది ఒప్పందం. ఐదేళ్ల తర్వాత వాటిని చూసుకునే మనిషి ఎవరన్నదే అసలు ప్రశ్న. ఆ మనిషి లేకపోవడమే థిన్ క్లయింట్‌కు ప్రాణాంతకం: పది ల్యాప్‌టాప్‌లలో ఒకటి పోతే తొమ్మిది నడుస్తాయి, సర్వర్ పోతే పదీ ఆగుతాయి.

2005లో హైదరాబాద్‌లో మొదలైన ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రూపొందించింది. తెలుగు ఫాంట్లు, కీబోర్డు అమరిక ప్రతి యంత్రంలోనూ పెట్టుకోవడం ఎంత విసుగో చేసినవాళ్లకు తెలుసు. నెట్‌వర్క్ బూట్ అయితే వాటిని సర్వర్లో ఒక్కసారి పెడితే అన్ని తెరలకూ వస్తాయి.

కోనసీమ విషయానికొస్తే, సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో 2016 డిసెంబరు 29న రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం ఏపీ ఫైబర్ తొలి దశ ప్రారంభమైంది. అప్పటికి మోరి తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఏపీ ఫైబర్ మొదట్లో నెలకు 149 రూపాయల ప్యాకేజీలో ఇంటర్నెట్‌తోపాటు టీవీ, ఫోను ఇచ్చారు. ఆ టీవీ పెట్టె కూడా కార్యక్రమాలను తీగ మీదే తెచ్చుకుంటుంది కాబట్టి థిన్ క్లయింట్‌కు దూరపు చుట్టమే. అంతమాత్రాన ఫైబర్ ఉంటే నెట్‌వర్క్ బూట్ దానంతట అది రాదు. సర్వర్ ఆ గదిలోనో, పక్క గదిలోనో ఉండాలి. ఒకసారి అమర్చాక బయటి ఇంటర్నెట్ పోయినా ల్యాబు నడుస్తుంది.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు ఇవ్వడంతో ఉమ్మడి ల్యాబు మాట కాస్త వెనక్కి వెళ్లినట్టనిపించింది. మరోవైపు, 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేయడంతో, బాగానే నడుస్తున్న ల్యాప్‌టాప్‌లు ఎన్నో మళ్లీ ‘పాతవి’ అయ్యాయి. వాటిలో 64 బిట్ ప్రాసెసర్, 2 జీబీ మెమరీ ఉన్నవి ఈ పనికి సరిపోతాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి 32 బిట్ పీసీలకు కెర్నల్, ఇన్‌స్టాలర్ ఇవ్వడం లేదు. అలాంటి ల్యాప్‌టాప్‌లకు డెబియన్ 12 ఆఖరిది.