అతికినట్టుండాలి

మన భాషలో అతుకు అనే మాటకు గౌరవం తక్కువ. అతుకుల బొంత అంటాము, అతుకుల బ్రతుకు అంటాము. అబద్ధమాడినా అతికినట్టుండాలని సామెత ఒకటి ఉండనే ఉంది. ఈ సామెత వెల్డింగు షెడ్డులో పుట్టలేదు కాని, పుట్టవలసినది అక్కడేనని నాకు చాలాసార్లు అనిపించింది. పైకి నున్నగా, అందంగా కనిపించే అతుకు లోపల అబద్ధమాడగలదు. ఆ అబద్ధం బయటపడినప్పుడు శిక్ష ఎవరికి పడుతుందన్నదే ఈ టపాలో చెప్పదలచిన విషయం. కొంత చరిత్ర, కొంత నా సొంత కథ.

ఐ.టి.ఐ.లో వెల్డరు ట్రేడు ముగించుకుని 1984లో నేను విశాఖపట్నంలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో చేరాను. ఉక్కు కర్మాగారం నిర్మాణం సాగుతున్న రోజులవి. దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగినది 1990లో. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు చుట్టుపక్కల రేకుల షెడ్లకు చేతినిండా పని ఉండేది. నాతో చదివినవారిలో అదృష్టవంతులు పెద్ద కర్మాగారాలలో 1961 నాటి అప్రెంటిసుల చట్టం కింద చేరారు. దానికి ముందు మన దేశంలో ఉన్నది 1850 నాటి చట్టం. ధర్మసంస్థలలో పెరిగే అనాథలను, పేదపిల్లలను ఏదో ఒక పనికి ఒప్పందం మీద అప్పగించడం దాని ప్రధానోద్దేశం. 1961 చట్టం శిక్షణకు కాలపరిమితి, భత్యం, పరీక్ష ఏర్పరచింది. దానితోపాటు అప్రెంటిసు శిక్షణార్థియే గాని కార్మికుడు కాడని కూడా స్పష్టంగా చెప్పింది. మా షెడ్డులో ఏ చట్టమూ లేదు. మా నాన్నగారు యజమానికి నమస్కరించి, "మీ చేతిలో పెడుతున్నానండి" అనడమే ఒప్పందం. అయినా చట్టంలోని ఆ ఒక్క వాక్యం మాత్రం మాకూ వర్తించింది. పని చేసేటప్పుడు మేము కార్మికులమే. లెక్కలో మాత్రం కాము.

మొదటి మూడు నెలలు నా చేతికి హోల్డరు ఇవ్వలేదు. ఎర్తు కేబులు లాగడం, ప్లేటు అంచులు గ్రైండింగు చేయడం, చల్లారిన అతుకు మీది స్లాగును చిప్పింగు సుత్తితో కొట్టి, వైరు బ్రష్షుతో తోమడం నా పనులు. స్లాగును మా మేస్త్రిగారు పెచ్చు అనేవారు. మంచి అతుకు మీది పెచ్చు ఒక దెబ్బకే చిలుము వదిలినట్టు వదులుతుంది. చెడ్డ అతుకు మీది పెచ్చు లోహంలో ఇరుక్కుని బ్రతిమాలించుకుంటుంది. హోల్డరు పట్టకుండానే ఎవరి చెయ్యి ఎటువంటిదో నాకు ఆ పెచ్చు చెప్పేది. అది శిక్షణ అని అప్పుడు తెలియలేదు, వెట్టిచాకిరీ అనుకున్నాను.

ఆ పెచ్చుకు ఒక చరిత్ర ఉంది. నిప్పుతో ఇనుమును అతికే విద్య మనకు కొత్త కాదు. ఢిల్లీలోని ఇనుప స్తంభం గుప్తుల కాలం నాటిది, బరువు 6 టన్నులకు పైమాటే. కొలిమిలో కాల్చిన ఇనుప ముద్దలను ఒకదానితో ఒకటి కలిపి సాగగొట్టి చేసినది. ఊరి కమ్మరి బండిపట్టా రెండు కొసలను తెల్లగా కాల్చి, సమ్మెటతో కలిపినదీ ఆ విద్యే. విద్యుత్తుతో అతకడం మాత్రం 19వ శతాబ్దపు సంగతి. ఆ శతాబ్దారంభంలోనే రష్యాలో పెట్రోవ్, ఇంగ్లండులో డేవీ విద్యుత్ చాపాన్ని, అంటే ఆర్కును చూపించారు. దానితో లోహాన్ని అతికే పద్ధతికి బెనార్డోస్, ఒల్షెవ్‌స్కీ అనే ఇద్దరు 1880లలో పేటెంట్లు పొందారు. వారు వాడినది బొగ్గు కడ్డీ. 1888లో స్లావ్యానోవ్ ఆ కడ్డీ స్థానంలో లోహాన్నే పెట్టి, అదే కరిగి అతుకులో కలిసేటట్టు చేశాడు. అయితే ఒట్టి ఇనుప తీగ కరిగేటప్పుడు గాలిలోని ప్రాణవాయువు, నత్రజని ఆ కరిగిన లోహంలో చొరబడి అతుకును పెళుసు చేసేవి. ఓడల మరమ్మతులు ఎరిగిన ఆస్కార్ షెల్‌బెర్గ్ అనే స్వీడన్ ఇంజనీరు 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో ఆ తీగకు ఖనిజాల పూత పూశాడు. పూత కాలి వాయువై అతుకును కాపాడుతుంది, కరిగి పెచ్చయి కప్పుతుంది. 1904లో ఆయన స్థాపించిన సంస్థే ఈసాబ్. నేను రోజంతా తిట్టుకుంటూ రాల్చిన పెచ్చు అతుకుకు కప్పిన దుప్పటి అన్నమాట.

నాలుగవ నెలలో హోల్డరు చేతికి వచ్చింది. రాడ్డు అంటుకుపోవడం, ప్లేటుకు చిల్లి పడడం అందరికీ జరిగేవే. షీల్డు దించకముందే ఆర్కు చూసిన రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టయి, బంగాళాదుంప చక్రాలు కట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. మేస్త్రిగారు చూసి నేర్చుకోమని ఎప్పుడూ అనలేదు. "సప్పుడు ఇన్రా. మూకుట్లో గారెలు ఏగుతున్నట్టుండాల" అనేవారు. నిజంగానే ఆర్కు పొడవు సరిగా ఉంటే ఆ చప్పుడే వస్తుంది. పొడవు పెరిగితే గరగరలాడుతుంది, తగ్గితే గొణుగుతుంది.

ప్రతి శనివారం సాయంత్రం నా అతుకును వైసులో బిగించి సుత్తితో విరగగొట్టేవారు. అతుకు పైభాగాన్ని ఆయన చూసేవారే కాదు. విరిగిన ముఖాన్ని వెలుతురుకు తిప్పి చూసేవారు. అక్కడ నల్లటి గీత ఉంటే పెచ్చు లోపల చిక్కుకున్నట్టు, సన్నని రంధ్రాలుంటే వాయువు చిక్కినట్టు. "పైన సోకు, లోపల సొల్లు" అని పక్కకు విసిరేవారు. విరగగొట్టితే తప్ప తెలియని నిజం అది.

రివెట్టుకు ఈ బాధ లేదు. రివెట్టు మీద సుత్తితో తట్టి, చప్పుడు విని, వదులైనదో కాదో చెప్పవచ్చు. అందుకే ఓడలు కట్టేవారు చాలాకాలం వెల్డింగును నమ్మలేదు. పూర్తిగా వెల్డింగుతో కట్టిన తొలి సముద్రనౌక ఫుల్లగర్ 1920లో ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్‌లో జలప్రవేశం చేసినా, ఆ నమ్మకం కుదరడానికి ఇంకొక యుద్ధం కావలసివచ్చింది. రివెట్లు కొట్టే పనికి ముఠా కావాలి, ఏళ్ళ తరబడి అనుభవం కావాలి. వెల్డింగు ఒక్కరి పని. కొన్ని వారాలలో నేర్పి నిలబెట్టవచ్చు. అమెరికాలో 1941 నుంచి 1945 వరకు ఈ లెక్కతోనే 2,710 లిబర్టీ నౌకలు తయారయ్యాయి. అంతకు ముందెన్నడూ ఓడను దగ్గరగా చూడని స్త్రీపురుషులు వేలాదిగా హోల్డరు పట్టారు. 1942 నవంబరులో రాబర్ట్ ఇ. పియరీ అనే నౌకను ఐదు రోజుల లోపల కట్టి నీటిలోకి దించారు.

తరువాత ఓడలు బీటలు వారసాగాయి. 1943 జనవరి 16 రాత్రి, పోర్ట్‌లండ్ రేవులో, కొత్తగా పూర్తయిన స్కెనెక్టడీ అనే చమురు నౌక నిశ్చలమైన నీటిలో, కట్టివేసి ఉండగానే నడిమికి విరిగింది. తుఫాను లేదు, టార్పెడో లేదు. మొదటి వేలు ఎటు చూపిందో వేరే చెప్పనక్కరలేదు. నిన్నగాక మొన్న నేర్చుకున్నవారు, తొందరలో కొట్టారు, ఇంకేముంది.

ఇక్కడ నా కథకు వస్తాను. 1985 జూలైలో, ముసురు పట్టిన వారంలో, ఒక మందపాటి ప్లేటుకు బ్రాకెట్లు అతికే పని వచ్చింది. మేస్త్రిగారు మొదటి రన్ కొట్టి, మిగిలినవి నా చేత కొట్టించారు. శనివారం చూస్తే అతుకులన్నీ శుభ్రంగా ఉన్నాయి. సోమవారం కాంట్రాక్టరు మనిషి వచ్చి చూసేసరికి రెండు బ్రాకెట్ల వద్ద అతుకు అంచు పొడుగునా వెంట్రుకంత బీట. యజమాని నన్ను పేరు పెట్టి కూడా పిలవలేదు. "ఆ కుర్రాణ్ణి రేపటి నుంచి రావద్దనండి" అన్నారు.

మేస్త్రిగారు వాదించలేదు. అదే ప్లేటు నుంచి నాలుగు ముక్కలు కోయించారు. మూతి తెరిచి వారం రోజులుగా ఆ సముద్రపు గాలిలో పడి ఉన్న రాడ్ల ప్యాకెట్టు తీసుకుని ఒక జత తానే అతికారు. మిగిలిన రాడ్లను ఇనుప పెట్టెలో పెట్టి, బొగ్గుల కుంపటి మీద పూటంతా కాల్చి, వాటితో రెండవ జత అతికారు. రెండూ బల్ల మీద పెట్టి ఎవరినీ ముట్టుకోవద్దన్నారు. మూడవ రోజు ఉదయం మొదటి జతలో బీట కనిపించింది. రెండవది అలాగే ఉంది. యజమానిని పిలిచి, "ఈ సెయ్యి నాదే కదా బాబూ. మరి నన్నూ రావద్దంటారా?" అన్నారు. ఇరవై ఏళ్ళ పేరును ఆయన ఆ బల్ల మీద పెట్టారని నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు.

రాడ్డు పూతలోని తేమ ఆర్కులో విడిపోయి ఉదజని అవుతుంది. కరిగిన ఉక్కు దానిని పీల్చుకుంటుంది. చల్లారినకొద్దీ ఆ ఉదజని అతుకు పక్కన గట్టిపడిన ఉక్కులోకి జారి చేరి, గంటల తరువాతనో రోజుల తరువాతనో పగులగొడుతుంది. ఈ వివరణ ఆయనకు తెలియదు. "తడి రాడ్డుతో కొడితే అతుకు ఎల్లుండి ఏడుస్తాది" అన్నది మాత్రం తెలుసు. రాడ్లు ఆరబెట్టే ఓవెన్ కావాలని అంతకు ముందే రెండుసార్లు అడిగారట. ఆ నెలాఖరుకు ఓవెన్ వచ్చింది. నేను పనిలో ఉండిపోయాను. నాతో ఎవరూ ఏమీ అనలేదు, క్షమించమని కూడా. నా తప్పు బొత్తిగా లేదనను. ఒక రన్ చివర గుంట నింపకుండా వదిలేశాను, అది మేస్త్రిగారు నాకు ఒక్కడికే చూపించారు.

చాలా ఏళ్ళ తరువాత, పుస్తకాలలో లిబర్టీ నౌకల సంగతి చదువుతూ కాన్‌స్టెన్స్ టిప్పర్ పేరు చూశాను. కేంబ్రిడ్జిలో లోహాలను పరిశోధించిన శాస్త్రవేత్త ఆమె. ఆ ఓడల ఉక్కు ఒక స్థాయికి మించి చల్లబడితే సాగే గుణం పోయి, గాజువలె పెళుసవుతుందని చూపించింది. నౌక మీది చదరపు తలుపుల మూలలు ఒత్తిడిని ఒకచోట పోగుచేసేవి. రివెట్ల ఓడలో బీట ఒక ప్లేటు అంచున ఆగిపోయే అవకాశముంది. వెల్డింగు ఓడలో ప్లేట్లన్నీ ఒక్కటై ఉండడంతో అది ఆగకుండా పరుగెత్తింది. కొన్ని అతుకులలో లోపాలు ఉన్నమాట నిజమే. బీట తరచు అక్కడే మొదలయ్యేది కూడా. కాని అది ఓడ నడుము దాకా పాకడానికి కారణం ఉక్కు, ఆకృతి, చలి. ఆ ఉక్కును ఎంచినవారు, ఆ మూలలు గీసినవారు హోల్డరు పట్టినవారు కారు.

ఆ పేజీ చదువుతుంటే నాకు కేంబ్రిడ్జి కనిపించలేదు. బల్ల మీది నాలుగు ముక్కలు కనిపించాయి. ఒకే ఉక్కు, ఒకే చెయ్యి, మార్చినది ఒక్కటే అంశం, తరువాత ఓపికగా నిరీక్షణ. పరిశోధన అంటే అంతకన్న ఏముంది? ఆమెది చరిత్రలో నమోదయింది. మేస్త్రిగారిది ఇదిగో, ఈ టపాలో మాత్రమే. ఆయన ఇప్పుడు లేరు. పగిలిన ఆ ముక్క నా బల్ల మీద కాగితాలకు బరువుగా ఉంది.

మిత్రులకు ఒక మనవి. పెచ్చు, బీట వంటి మాటలు మేస్త్రిగారి నోట విన్నవి, ఐ.టి.ఐ. పుస్తకంలో లేనివి. మీ ప్రాంతపు కొలిములలో, షెడ్లలో ఇటువంటి మాటలు విని ఉంటే వ్యాఖ్యలలో రాయండి. చెప్పినవారు ఎవరో కూడా రాయండి.