ఒకటో తారీఖు లెక్క

చెప్పులు బయటే విడిచి మెల్లగా లోపలికి రండి. పాప ఇప్పుడే పడుకుంది. ఉప్పల్ రింగ్ రోడ్డుకు కాస్త లోపల, మొదటి అంతస్తులో రెండు గదుల పోర్షన్ ఇది. ఫ్యాను కింద చాప మీద ముగ్గురున్నారు: అతను, ఆమె, మొన్న ఊరి నుంచి వచ్చిన అత్తమ్మ. మధ్యలో లాంగ్ నోట్‌బుక్కు, పక్కనే ఫోను. జీతం పడ్డట్టు మెసేజ్ వచ్చి గంటైంది. 34,000.

పోయిన నెల దాకా ఇలాంటి మెసేజ్‌లు రెండొచ్చేవి. ఆమె ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ప్రసూతికి చట్టం ఇచ్చే 26 వారాల జీతం సెలవు అయిపోయింది. అత్తమ్మకు పది రోజులకు మించి ఉండడం కుదరదు, ఊళ్లో గేదెలున్నాయి. పాపను క్రెష్‌లో వేస్తే సగం జీతం అక్కడికే పోతుంది. ఉద్యోగం మానేసింది.

అతను రాస్తున్నాడు, భుజం మీంచి చూడండి. అద్దె 9,500. కిరాణా 6,000. చీటీ 5,000. బండి ఈఎంఐ 3,200. ఊరికి 3,000. అక్కడ పెన్ను కాస్త తడబడింది. అత్తమ్మ కిటికీ వైపు చూస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు. పెన్ను కిందికి దిగింది. డైపర్లు 3,000, పెట్రోలు 2,500, పాలు 1,800. పాల దగ్గరికి వచ్చేసరికే జీతం మొత్తం ఖాళీ. ఇంకా నెట్టూ ఫోన్లూ 1,000, పాప మందులు 1,000, గ్యాస్ 950, కరెంటు 700 ఉన్నాయి. కూడితే 37,650. అంటే 3,650 తక్కువ.

"చీటీ ఎత్తేద్దామా?" అన్నాడతను. లక్ష రూపాయల చీటీ, ఇంకా ఎనిమిది నెలలుంది.

"ఇప్పుడు పాడితే పదో పదిహేనో వేలు పాటలోనే పోతయి. ఎత్తుకున్నంక నెలనెలా కట్టుడు తప్పుతదా?"

అతను ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నోట్‌బుక్కు ఆమె చేతిలోకి వెళ్లింది. డైపర్ల దగ్గర గీత పెట్టింది. రోజుకు ఎనిమిది, ఒక్కోటి పన్నెండున్నర. రాత్రికొకటి, బయటికి వెళ్లినప్పుడొకటి చాలు, నెలకు 500.

"వానాకాలం గుడ్డలు ఆరవేమో అత్తమ్మా?"

అత్తమ్మ సంచిలోంచి పాత నేతచీర తీసింది. ఉతికి ఉతికి రంగు వెలిసిపోయింది, ముట్టుకుంటే దూదిలా ఉంది. అంచు దగ్గర పంటితో గాటు పెట్టి సర్రున చింపింది. పాప కదిలింది కానీ లేవలేదు. చదరపు ముక్కను మూలకు మడిచి, మూడు కొసలూ దగ్గరకు తెచ్చి చూపించింది. "పల్చటి బట్ట, ఫ్యాను కింద ఎంతసేపట్ల ఆరుతది బిడ్డా."

అన్నప్రాసన వచ్చే వారమే. పెట్టేది ఇంట్లోనే. డబ్బా తిండి మాట ఎవరూ ఎత్తలేదు. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి ఉగ్గుకు విసిరించి తెచ్చింది పెద్దావిడ. ఏడు నెలలు నిండితే అంగన్‌వాడీలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు, పాప పేరు రాయించారు కూడా. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు ప్రైవేటులో వేయించి వేలకు వేలు పోశారు. తొమ్మిదో నెల తట్టు-రుబెల్లా టీకా మాత్రం అర్బన్ హెల్త్ సెంటర్లోనే, ఉచితంగా.

ఇప్పుడు పేజీని ఇంకోసారి చూడండి. డైపర్లు, మందులు కలిపి పాప పేరున రాసింది 4,000 రూపాయలే. మిగతా 33,650లో చాలా మటుకు పాప పుట్టకముందు, రెండు జీతాల ధీమాతో తల మీద వేసుకున్నవే. ఇంట్లో డబ్బు కరువైతే అందరి చూపూ ఉయ్యాల వైపే వెళ్తుంది. బరువంతా పాత ఒప్పందాల్లో ఉంటుంది.

అందుకే కోత అటు మళ్లింది. ఇంటికి నెట్ కనెక్షన్ తీసేస్తే 600. కంపెనీ బస్సు రింగ్ రోడ్డు దగ్గరే ఆగుతుంది, బండి ఇంట్లో పెడితే పెట్రోలులో 1,000. డైపర్లవి 2,500. మొత్తం 4,100. ఊరికి పంపేది కదల్లేదు.

"450 మిగిలినయి," అన్నాడతను, ముఖం వెలిగింది. "ఎమర్జెన్సీకి పెడదాం."

"అవి నాకు కావాలె. దేనికని అడగొద్దు." గొంతులో కోపం లేదు. ఏడేళ్లుగా తన జీతం తనే తెచ్చుకున్న మనిషి, గాజులకో ఆటోకో చేయి చాపడం ఎలాగో ఇంకా నేర్చుకోలేదు.

అతను ఒక క్షణం ఆగి, కింద కొత్త లైను రాశాడు: ఆమె పేరు, 450.

అత్తమ్మ నవ్వింది. "మంచి పని జేసినవ్ బిడ్డా. నేను పైసలు ఏడ దాస్తనో మీ మామకు ఇప్పటికీ తెల్వదు. పాప పేరు మీద పోస్టాఫీసుల సుకన్య ఖాతా తెరువు. ఏడాదికి కనీసం 250 అంట గదా, అవి నా డబ్బాలకెల్లి ఇస్త."