తోలు ఎక్కడ చెడుతుంది? పొరపాట్లలోంచి పుట్టిన మాదిగ శాస్త్రం

నగరాల్లో ఇప్పుడు తోలు పని ఒక సరదా. శని, ఆదివారాల శిక్షణలో చేరితే పర్సు, బెల్టు, కార్డుల సంచి చేయడం నేర్పుతారు. మొదటి పర్సు వంకరపోతే నవ్వుకుని రెండోది మొదలుపెడతారు. దాన్ని ప్రయోగం అంటారు. అదే పనిని తరతరాలుగా తోళ్లు పాడుచేసుకుంటూ, ఎందుకు పాడయ్యాయో పట్టుకుంటూ నేర్చిన మాదిగవాడకు మాత్రం ఆ మాట దక్కలేదు. అక్కడ తోలు బాగా వస్తే కులవృత్తి. చెడితే మాదిగోడి తప్పు.

కంచ ఐలయ్య 2009లో వచ్చిన తన ఇంగ్లిషు పుస్తకం 'పోస్ట్ హిందూ ఇండియా'లో మాదిగలను అట్టడుగు శాస్త్రవేత్తలన్నారు. సభల్లో ఆ మాట తరచూ వినిపిస్తుంది. ఆ శాస్త్రం లోపల ఏముందో చెప్పే ఉపన్యాసాలు మాత్రం తక్కువ. తోలు ఏ దశలో ఎలా చెడుతుందో, చెడినప్పుడు ఏం చేశారో చూస్తే అది తెలుస్తుంది. ఈ పని నేర్చుకోవాలనుకునే విద్యార్థులకు కూడా అదే పనికొస్తుంది.

లందలో చెడేవి

మొదటి పోటీ కాలంతో. పశువు చచ్చిన కొన్ని గంటల్లోనే చర్మం కుళ్లడం మొదలవుతుంది, మన ఎండాకాలంలో ఇంకా త్వరగా. ఆలస్యంగా ఒలిచిన చర్మం పైకి బాగానే కనిపిస్తుంది. సున్నంలో వేశాకే దాని పైపొర అక్కడక్కడా ఊడొచ్చి అసలు సంగతి బయటపడుతుంది. తొందరపడితే ఇంకో చిక్కు, కత్తి గాటు. చర్మం లోపలివైపు పడిన గాటు తోలు తయారయ్యాక సాగి తెగుతుంది, ఆ మేరకు అట్టలు కోసే చోటు తగ్గిపోతుంది. అందుకే మేకనో గొర్రెనో ఒలిచే చేయి తిరిగినవాళ్లు కత్తితో గీత పెట్టి, మిగతాదంతా పిడికిలితో తోసుకుంటూ పోతారు. వెంటనే పని మొదలుపెట్టే వీలు లేకపోతే ఉప్పు పట్టిస్తారు. ఉప్పు నీటిని లాగేస్తుంది, కుళ్లు ఆగుతుంది.

తర్వాత సున్నం. వెంట్రుకలు ఊడడానికి సున్నపు నీళ్లలో నానేస్తారు. తక్కువ నానితే వెంట్రుక కుదుళ్లు తోలులోనే మిగిలిపోతాయి. ఎక్కువ నానితే లోపలి నార వదులైపోయి తోలు స్పాంజిలా తయారవుతుంది, దాంతో గట్టి అట్ట రాదు. ఎన్ని రోజులు నానాలి? చలికాలానికి ఒక లెక్క, ఎండాకాలానికి ఒక లెక్క. దున్నతోలుకు ఒకటి, మేకతోలుకు ఇంకొకటి. సున్నం కొత్తదా, ఇంతకుముందు తోళ్లు నానిందా అన్నది కూడా చూడాలి. చివరికి పరీక్ష చేతివేళ్లదే. వెంట్రుకలను పట్టి లాగితే కుదుళ్లతో సహా జారి రావాలి.

అసలు పని లందలో. లంద అంటే తంగేడు చెక్క రసంలో తోళ్లు నానే తొట్టి. కొన్నిచోట్ల తోలునే సంచిలా కుట్టి, చెక్క నింపి, నీళ్లు పోసి వేలాడదీసేవారు. రసం లోపలి నుంచి బయటికి ఊరుతూ నారకు పడుతుంది. కొత్తవాడు ఇక్కడ చేసే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే, త్వరగా కావాలని మొదటిరోజే చిక్కటి రసంలో వేయడం. అలా వేస్తే తోలు పైపొర ముందే బిగుసుకుని లోపలికి దారి మూసేస్తుంది. పైకి గోధుమరంగు తిరిగి పూర్తయినట్టే ఉంటుంది, మధ్యలో మాత్రం పచ్చి చర్మం. ఆ తోలుతో చేసిన చెప్పు మొదటి వానకే ఉబ్బి కంపు కొడుతుంది. కాబట్టి పలచటి రసంతో మొదలుపెట్టి రోజులు గడిచేకొద్దీ చిక్కబరచాలి. అయిందో లేదో తెలియాలంటే అంచున చిన్న ముక్క కోసి చూడాలి. కోత పొడవునా ఒకే రంగు ఉంటే అయినట్టు. మధ్యలో తెల్లటి చార కనిపిస్తే ఇంకా కాలేదు.

తంగేడు పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో దానిది పెద్ద చోటు. అదే చెట్టు చెక్క వాసన మాత్రం వాడను ఊరికి దూరం పెట్టడానికి సాకైంది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి 'ఈస్ట్ ఇండియా' తోళ్లన్న పేరుతో బ్రిటన్‌కు ఓడలకెక్కిన సరుకును పదును చేసింది కూడా ఈ చెక్కే.

తంగేడుతో పదును చేసిన తోలుకు ఒక లోపం ఉంది. వెలుతురు తగిలేకొద్దీ ఎర్రబడుతుంది. ఆఖర్న కరక్కాయ రసం పట్టిస్తే ఆ ఎరుపు ఆగుతుంది. రెండింటిలోనూ ఉన్నది టానినే అయినా వాటి రకం వేరు, ఒకదాని లోపాన్ని ఇంకొకటి సర్దుతుంది. ఈ జోడింపు మీద ఎవరికీ పేటెంటు లేదు, దాని పక్కన ఎవరి పేరూ లేదు.

పేటెంటు దొరికిన ప్రయోగం

పోల్చడానికి జర్మనీ కథ ఒకటి చూడాలి. 20వ శతాబ్దం మొదలయ్యేదాకా యూరప్ తోలు కర్మాగారాల్లో సున్నం దశ దాటిన తోలును మెత్తబరచడానికి కుక్క మలం, పావురాల రెట్ట వాడేవారు. దానికి బదులు ఏదైనా దొరుకుతుందేమోనని రసాయనవేత్త ఒట్టో రోమ్ వెతికాడు. గ్యాసు తయారీలో మిగిలే నీటితో చేసిన అతని మొదటి ప్రయత్నం నిలవలేదు. తర్వాత జంతువుల క్లోమగ్రంథి ఎంజైములతో పని జరిగింది. 1907లో భాగస్వామితో కలిసి కంపెనీ పెట్టాడు, 'ఒరోపోన్' పేరుతో ఆ సరుకు అమ్మాడు. ఆ మొదటి వైఫల్యానికి కూడా రసాయనశాస్త్ర చరిత్రలో చోటు దొరికింది. రోమ్ తెలివిని తక్కువ చేయనక్కర్లేదు. అయితే అతను బదులు వెతికిన పద్ధతి పేరులేని కార్మికులు కనిపెట్టింది. మలంలోని ఎంజైముల పేరు తెలియకపోయినా, ఎంతసేపు ఉంచితే తోలు పట్టులా అవుతుందో, ఎంతసేపటికి చిల్లులు పడుతుందో వాళ్లకు తెలుసు.

మన దగ్గరా ఇలాంటిదే జరిగింది. మోటకు కట్టే తోలుసంచి ఎక్కువకాలం మన్నేందుకు క్రోమ్ తోలు వాడొచ్చని మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ 1900ల మొదట్లో చేసిన ప్రయోగాలు ప్రభుత్వ నివేదికల్లోకి ఎక్కాయి. అంతకుముందు బావుల్లోంచి పొలాలకు నీళ్లు తోడిన సంచులను కుట్టినవాళ్లు ఎక్కడా ఎక్కలేదు. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ వచ్చింది. తోలు శాస్త్రం చదవాలంటే అక్కడికి వెళ్లొచ్చని ఇవాళ్టి వాడ పిల్లలందరికీ చెప్పాలి.

బల్ల మీదికొచ్చాక

పదును చేసిన తోలు కొనుక్కుని పని నేర్చేవారి పొరపాట్లు వేరు. బట్టకు, తోలుకు ఉన్న తేడా మరచిపోవడం వల్లే వాటిలో సగం వస్తాయి. బట్టలో తప్పు కుట్టు విప్పితే సూది రంధ్రం పూడిపోతుంది. తోలులో ఆరెతో పొడిచిన రంధ్రం పొడిచినట్టే ఉంటుంది. రంధ్రాలు మరీ దగ్గరగా పడితే తపాలా బిళ్లల వరుసలా అక్కడే చిరుగుతుంది. చిన్న వస్తువులకు మూడు, నాలుగు మిల్లీమీటర్ల ఎడం సరిపోతుంది.

తోలంతా ఒకటి కాదు. వెన్ను పక్క తోలు బిగువుగా ఉంటుంది, పొట్ట పక్కది సాగుతుంది. బెల్టు పొట్ట భాగంలోంచి కోస్తే నెల తిరక్కుండానే పొడుగైపోతుంది. చెప్పుల పని తెలిసినవాళ్లు అట్టలు వెన్నులోంచి, అంతగా బరువు పడని ముక్కలు పక్కల నుంచి తీస్తారు. కొలత మీద ముందు దళసరి కాగితంతో అచ్చు చేసుకుని చూడాలి. మడత దగ్గర తోలు మందం ఎంత తింటుందో కాగితం చెప్పదు కాబట్టి ఆ మేరకు వదులుకోవాలి. కార్డు పట్టని కార్డు సంచులన్నీ ఇక్కడే పుడతాయి.

మొండి రంపెతో కోసేవాళ్లకే చేయి ఎక్కువ తెగుతుంది. బలం పెట్టాల్సి వచ్చి కత్తి జారుతుంది మరి. తడిసిన తోలును ఎండలో పెడితే బిరుసెక్కి పగులుతుంది. నీడలో ఆరనిచ్చి, కాస్త చెమ్మ ఉండగానే నూనె పట్టించాలి. కిర్రు చెప్పులకు ఆముదం పట్టించేది అందుకే. నూనె మరీ ఎక్కువైతే తోలు వేలాడిపోతుంది, కుట్టు పట్టు నిలవదు. వేడి నీళ్ల జోలికి అసలు పోకూడదు. మొక్కల రసంతో పదును చేసిన తోలు మరిగే నీళ్లలో క్షణాల్లో ముడుచుకుని కొయ్యలా మారుతుంది, మళ్లీ విచ్చుకోదు.

ఇంకొకటి, తోలు కొనే దగ్గర జరిగేది. బజారులో మెత్తగా, చవగ్గా దొరికేది ఎక్కువగా క్రోమ్ తోలు. దాని మీద అచ్చు కొడితే ముద్ర నిలవదు. కొత్తవాళ్లు చేయి సరిగా లేదనుకుని నెలల తరబడి సుత్తి కొడుతూ ఉంటారు. కోత అంచు చూస్తే తెలిసిపోతుంది. చాలాసార్లు నీలి బూడిదరంగు ఉంటే క్రోమ్, లోపలిదాకా గోధుమరంగు ఉంటే మొక్కల రసం. చుక్క నీరు వేసి చూసినా చాలు. రంగు పూత లేని మొక్కల రసపు తోలు నీటిని పీల్చి నల్లబారుతుంది.

అన్నిటికంటే ఎక్కువ నేర్పేది నల్లమచ్చ. తడితోలు మీద ఇనుప రజను పడినా, తుప్పు పట్టిన పనిముట్టు ఆనినా కాసేపటికి నీలి నలుపు మచ్చ తేలుతుంది. అది మురికి కాదు. తోలులోని టానిన్, ఇనుము కలిసి కట్టిన రంగు. కొత్త మచ్చ అయితే నిమ్మరసంతో తగ్గుతుంది. ఈ పొరపాటునే కావాలని తోలంతా చేస్తే చెక్కుచెదరని నలుపు వస్తుంది. ఇనుప పీచును వెనిగర్‌లో కొన్ని రోజులు నానబెట్టి, వడకట్టి పూస్తే తోలు కళ్ల ముందే నల్లబడుతుంది. ఆ పులుపు తోలులో మిగిలితే పెళుసెక్కుతుంది కాబట్టి తర్వాత వంటసోడా నీళ్లతో తుడిచి నూనె పట్టించాలి. విదేశీ పుస్తకాల్లో ఇది ఒక కిటుకుగా కనిపిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీసే నలుపు కూడా ఇదే. బెల్లంతో పులియబెట్టిన ఇనుప నీళ్లే అక్కడి సిరా. తోలు మీద మచ్చ, గుడ్డ మీద గీత, రెండింటి రసాయనం ఒకటే.

డప్పు సంగతి వేరు. దానికి పదును చేసిన తోలు పనికిరాదు, మోగదు. వెంట్రుక తీసిన పచ్చి చర్మాన్నే తడిగా ఉండగా పలక మీద బిగిస్తారు. తడిమీదే మరీ బిగిస్తే ఆరాక చీలుతుంది, వదులుగా వదిలితే నాదం చచ్చిపోతుంది, ఒక పక్క ఎక్కువ లాగితే దెబ్బ దెబ్బకూ శ్రుతి మారుతుంది. వానాకాలంలో గాలిలోని చెమ్మను పీల్చి డప్పు మూగబోతుంది. సెగ చూపిస్తే చెమ్మ పోయి మళ్లీ బిగుస్తుంది. సెగ ఎంత దూరంలో ఉండాలో తెలియనివాడి చేతిలో చర్మం కమిలి పగులుతుంది. ఫైబర్ డప్పులకు ఈ బాధ లేదు. ఉద్యమ ఊరేగింపుల్లో అవి ఎక్కువవడానికి అదో కారణం.

తప్పుకు ఎవరు ఎంత కట్టారు

సరదాకు చేసేవారికి పొరపాటు ఖరీదు ఒక తోలు ముక్క. వెట్టి కాలంలో అలా లేదు. ఏడాదికి ఇంత మేర అని కళ్లంలో గింజలు కొలిపించుకునే కుటుంబం దొర కాలికి చెప్పు కరిస్తే తిట్లు పడాలి, కొన్నిచోట్ల దెబ్బలు, ఆ ఏటి గింజల్లో కోత. కాబట్టి వాడలో ప్రయోగమంటే ధైర్యం చేయడమే. ఇంత భయం మధ్య కూడా లందలో ఆ జ్ఞానం పెరిగింది.

తోలు ముట్టినందుకే శిక్ష పడే రోజులు పోలేదు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఉనాలో చచ్చిన ఆవు తోలు ఒలిచినందుకు దళిత యువకులను కట్టేసి కొట్టారు. నెల తిరక్కుండానే ఆగస్టులో మన అమలాపురంలో కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ముల మీద దాడి జరిగింది. ఒలవడానికి వాళ్లను పిలిచింది ఆ ఆవు యజమానే. అదే తోలు బూటై దుకాణం అద్దంలోకి ఎక్కితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

అందుకని ఈ పనిని నెత్తికెత్తుకుని, పిల్లలు మళ్లీ లందకు వెళ్లాలనడం అన్యాయం. 1927లో మహాడ్‌లో అంబేడ్కర్ చచ్చిన పశువులను లాగే పని మానేయమన్నారు. మానేసినవాళ్లు సరైన పనే చేశారు. 1936 నాటి 'కుల నిర్మూలన'లో ఆయన అభ్యంతరం చేతిపని మీద కాదు, మనిషి ఇష్టాయిష్టాలతో పని లేకుండా పుట్టుకతో పని అంటగట్టడం మీద. మాదిగ విద్యార్థి రసాయనశాస్త్రం చదివి తోలు జోలికి వెళ్లకపోయినా, బ్రాహ్మణ విద్యార్థి ఆదివారం ఆరె పట్టుకున్నా ఇబ్బంది లేదు. రెండోవారి చేతిలోకి వచ్చేసరికి ఆ విద్య మూలాలు చెరిగిపోవడమే ఇబ్బంది. 2025 జూన్‌లో మిలాన్ ప్రదర్శనలో ప్రాడా కొల్హాపురీ చెప్పుల్లాంటివే చూపించింది. మూలం ఎక్కడిదో ఒప్పుకోవడానికి ఇక్కడి నుంచి నిరసన వెళ్లాల్సి వచ్చింది.

ఈ పనిని రాతలోకి ఎక్కించాలనుకునే విద్యార్థులు గెలుపు కథలతో మొదలుపెట్టకపోవడం మంచిది. "మీ తోలు ఎప్పుడెప్పుడు చెడింది?" అని అడిగితే వాడ పెద్దలు గంటలు గంటలు చెబుతారు. ఏ నెలలో, ఏ పశువు తోలు, సున్నం ఎక్కడిది, చెక్క పచ్చిదా ఎండుదా, చెడితే ఆ ముక్కను ఏం చేశారు, ఎవరు ఏమన్నారు, ఇవన్నీ రాసుకోవాలి. ఆరె, రంపె, గూటం, లంద, ఉంగటం లాంటి మాటలు జిల్లా జిల్లాకూ పలుకుబడి మారతాయి, విన్నవి విన్నట్టే రాయాలి. చెప్పిన మనిషి పేరు వేయాలో వద్దో ఆయన్నో ఆమెనో అడగాలి. ఆడవాళ్లను విడిగా అడగాలి. చెక్క దంచింది, నీళ్లు మోసింది, వెంట్రుక గీకింది చాలా ఇళ్లలో వాళ్లే. రోజంతా కూర్చోబెట్టి పని చూపించమంటే ఆ రోజు కూలి ముందే మాట్లాడుకుని ఇవ్వాలి.