మార్చిన అన్నవాహిక: ఇరవై ఏళ్ళ తర్వాత

ధర్మవరంలో పట్టునూలు జిగురును సబ్బూ సోడా కలిపిన నీళ్ళలో ఉడికించి తీస్తారు. ఆ సోడాకు పెద్దన్న కాస్టిక్ సోడా. పొరపాటున ఒక్క గుక్క దిగినా అన్నవాహిక లోపలి పొర కాలిపోతుంది. మానేటప్పుడు మచ్చకట్టి, మంచినీళ్ళు కూడా దిగనంతగా ముడుచుకుపోగలదు. ఐరోపాలో ఈ దోషం ఎక్కువగా క్షారాలది; మన ఇళ్ళలో మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ది.

కాలిన గొట్టానికి బదులు 1907లో లోజాన్ నగరంలో సెజార్ రూ చిన్నపేగును ఛాతీ ముందు, చర్మం కిందుగా పైకి నడిపించాడు. ఆ రోజుల్లోనే రష్యాలో ఆ పద్ధతిని చక్కదిద్దినవాడు ప్యోతర్ హెర్‌త్సెన్. (సాహిత్యప్రియులకొక ముచ్చట: ఇతడు రచయిత అలెగ్జాండర్ హెర్‌త్సెన్ మనుమడే.) 1911లో కెల్లింగ్, వుల్లియే విడివిడిగా పెద్దపేగును, 1920లో కిర్ష్‌నర్ జీర్ణాశయాన్నే వాడారు.

ఈ చరిత్రను సాధారణంగా రోగి మొదటి ముద్ద మింగడంతో ముగిస్తారు. అసలు కథ అక్కడే మొదలవుతుందని నాకు తోస్తుంది. పేగు ఎంతకాలమున్నా అన్నవాహిక కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ పెద్దపేగు ముక్క సాగి, వంకర తిరిగి, తిన్నది అందులోనే నిలిచిపోవచ్చు. మెడ దగ్గరి అతుకు బిగుసుకుంటే మళ్ళీ మళ్ళీ వెడల్పు చేయించుకోవాలి. రాత్రివేళ కడుపులోని పులుపు ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి జారితే దగ్గు, నిమ్ము. లోపలే వదిలిన పాత అన్నవాహికతో మరో చిక్కు: రెండు కొసలూ మూసుకుంటే జిగట నిండి ఉబ్బవచ్చు, దశాబ్దాల తర్వాత ఆ మచ్చలో కేన్సరూ పుట్టవచ్చు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ బెంగుళూరు రైలుదారి మీదివే; పెద్ద ఆపరేషన్ అంటే చాలామందికి ఆ రైలెక్కడమే. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో, అప్పట్లో ఈ ఊళ్ళున్న అనంతపురం ఒకటి. (2022 నుంచి ఇవి శ్రీ సత్యసాయి జిల్లావి.) పేదలకు అది నిజంగా పెద్ద మేలు. కొన్ని చికిత్సలకు ఏడాదిపాటు తదుపరి వైద్యమూ అందులో చేరింది. అయితే పేగు సాగడానికి ఏడాది చాలదు. చిన్నప్పుడు ఆపరేషన్ అయినవాడు ముప్పయ్యో ఏట దగ్గుతో వస్తే, ఊరి డాక్టరు ఆయాసానికి మందిస్తాడు. మెడమీది, పొట్టమీది గాట్లు చూసి అడిగినా, లోపల ఉన్నది పేగో జీర్ణాశయమో చెప్పగలిగిన పెద్దలు అప్పటికి ఇంట్లో ఉండకపోవచ్చు. ఆ సంగతి రాసి ఉండేది ఆనాటి డిశ్చార్జి కాగితంలో; దానికి రెండు నకళ్ళు తీయించి, ఒకటి రేషన్‌కార్డుతో పాటు దాచుకోవడం మంచిది.