బందరులో కూర్చుని బ్యాండు మొత్తం వాయించిన కథ

కృష్ణా డెల్టా దిగువ భాగం పాటకు పుట్టినిల్లు. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో ఘంటసాల పుట్టారు. దివిసీమలోని పెదకళ్ళేపల్లి సంగీత దర్శకుడు సుసర్ల దక్షిణామూర్తిని, వేటూరిని ఇచ్చింది. మణిశర్మ 1964లో బందరులో పుట్టారు. తండ్రి వయొలిన్ విద్వాంసుడు కావడంతో ఆ కుటుంబం మద్రాసు చేరింది. వీళ్లందరి దారీ అటే. వాద్యగాళ్లూ, రికార్డింగ్ థియేటర్లూ అక్కడే ఉండేవి మరి.

బాణీ ఎక్కడైనా కట్టొచ్చు. నిర్మాతకు వినిపించేది ఎలా? హార్మోనియం పక్కన టేప్ రికార్డర్ పెట్టుకుని పాడితే పల్లవి వినపడేది, దాని వెనక మనసులో మోగుతున్న వయొలిన్లు మాత్రం వినపడేవి కావు. ఆ వయొలిన్లను కూడా ఇంట్లోంచే వినిపించాలన్న కోరికే తర్వాత వచ్చిన యంత్రాలన్నిటికీ మూలం.

1979లో జపాన్ కంపెనీ టాస్కామ్ మామూలు క్యాసెట్ మీదే నాలుగు ట్రాకులు రికార్డు చేసే పోర్టాస్టూడియో తెచ్చింది. అసలు మలుపు 1983లో వచ్చిన మిడి. అది ధ్వనిని దాచదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్నదే రాసిపెట్టుకుంటుంది. అందుకే పాటంతా చిటికెడు మెమరీలో ఇమిడిపోయేది. 1988లో కోర్గ్ ఎం1 దీన్నే ఆధారం చేసుకుంది. పియానో, తీగవాద్యాలు, డ్రమ్స్, ఎఫెక్టులు, ఎనిమిది ట్రాకుల సీక్వెన్సర్ అన్నీ ఒకే కీబోర్డులో. ఇలాంటి కీబోర్డునే వర్క్‌స్టేషన్ అంటారు. ఆ వాద్యాల శాంపిళ్లన్నిటికీ కలిపి ఎం1 మెమరీ 4 ఎంబీ. ఈరోజు ఫోన్‌లో ఒక ఫొటోకు పట్టేంత!

దాని మీద డెమో కట్టడం చూడముచ్చటగా ఉంటుంది. రికార్డు మీట నొక్కితే మెట్రోనోమ్ టిక్కుటిక్కుమని లెక్క ఇస్తుంది. ముందు రిథమ్, దాని మీద బేస్, ఆపైన స్ట్రింగ్స్. మన కీబోర్డు ప్లేయర్ల పనితనమంతా ఎడమ చేతిలో ఉంది. కుడిచేయి స్వరం పట్టుకుంటే, ఎడమచేయి పిచ్ బెండ్‌ను మెల్లగా కదిపి గమకం పలికిస్తుంది. మెట్ల మధ్య జారడం తెలియని వాద్యం చేత రాగం పాడించడం నా దృష్టిలో ఏ కొత్త యంత్రానికీ తీసిపోని ఆవిష్కరణ. తాళం తప్పిన దెబ్బల్ని సరిచేయడానికి క్వాంటైజ్ ఉంది. దాన్ని మరీ బిగిస్తే డప్పులోని ఆ కాస్త వెనకబాటు, ఆ ఊపు చచ్చిపోతుంది.

ఈ పనితోనే ‘ప్రోగ్రామర్’ అనే కొత్త వృత్తి పుట్టింది. రాజ్-కోటి, కీరవాణి దగ్గర కీబోర్డు వాయించిన మణిశర్మ 1992లో ‘రాత్రి’కి సంగీతం చేశారు, 1998లో ‘చూడాలని వుంది’తో ఇంటింటా మోగారు. ఆయన దగ్గర కీబోర్డు ప్రోగ్రామింగ్ చేసినవాళ్లలో తమన్ ఒకరు. చెన్నైలో రెహమాన్ 1989లోనే ఇంటి ఆవరణలో సొంత స్టూడియో కట్టుకున్నారు. 1992లో ‘రోజా’ వచ్చాక ఇంటి స్టూడియోను ఎవరూ చిన్నచూపు చూడలేదు.

వర్క్‌స్టేషన్‌కు రెండు లోట్లు. తొలి మోడళ్లలో గొంతు రికార్డయ్యేది కాదు, పాడినదాన్ని మళ్లీ టేపుకే ఎక్కించాలి. రెండోది మన డెల్టా వాళ్లకు బాగా తెలిసిన బాధ. 1999 నాటి కోర్గ్ ట్రైటన్‌లో సీక్వెన్స్‌ను ఫ్లాపీలోకి ఎక్కించకముందే కరెంటు పోతే పాటంతా పోయినట్టే.

గొంతుకు చోటిచ్చింది కంప్యూటరే. జర్మనీలోని హాంబర్గ్‌కు చెందిన స్టైన్‌బర్గ్ కంపెనీ 1989లో తెచ్చిన క్యూబేస్ సాఫ్ట్‌వేర్ మొదట్లో మిడి స్వరాలనే అమర్చేది, గొంతు రికార్డింగ్ తర్వాత చేరింది. 1996లో వీఎస్‌టీ అనే ప్లగిన్ పద్ధతితో ఎఫెక్టులు, 1999లో దాని రెండో రూపంతో వాద్యాలే కంప్యూటర్ లోపలికి వచ్చేశాయి. వాటితో ఒక కొత్త తలనొప్పీ వచ్చింది. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన, బఫర్ (ఒక విడతలో లెక్కించే శాంపిళ్ల సంఖ్య) 1,024 పెడితే మెట్టు నొక్కిన 23 మిల్లీసెకన్లకు గానీ స్వరం బయటికి రాదు. ఆ ఆలస్యం వేళ్లకు తెలిసిపోతుంది. 128కి తగ్గిస్తే 3 మిల్లీసెకన్లే, కానీ పాత కంప్యూటరైతే చిటపటలాడుతుంది. వర్క్‌స్టేషన్‌లో ఈ బెడద లేదు. స్విచ్ వేసి కూర్చుంటే చాలు.

అందుకే బాణీ వెతకడానికి నేను వర్క్‌స్టేషన్‌కే ఓటేస్తాను. గొంతు ఎక్కించి, చరణం మార్చి, ఎవరికైనా పంపాలంటే కంప్యూటర్‌కు సాటి లేదు. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి మీద పాట కట్టినా, చర్చి క్వయర్‌కు క్రిస్మస్ పాట కట్టినా ఇప్పుడు మద్రాసు రైలెక్కనక్కర్లేదు. రెండిట్లో ఒక్కదానికే స్తోమత ఉంటే, ఉన్న కంప్యూటర్‌కే ఒక మైకు, పిచ్ బెండ్ ఉన్న చిన్న మిడి కీబోర్డు తగిలించుకోండి. సాఫ్ట్‌వేర్ తర్వాత నేర్చుకోవచ్చు, ముందు ఎడమ చేతికి గమకం నేర్పండి.