నరసింగరాయనిపేట నుంచి కదిలిన పెట్టె

చిత్తూరు పక్కనే ఉంది నరసింగరాయనిపేట. 1782 డిసెంబరులో అక్కడ మైసూరు దండు దిగి ఉంది. దండు నడిపిన హైదర్ అలీకి వీపున రాచపుండు లేచింది. హకీములు ఎంత చూసినా తగ్గలేదు. డిసెంబరు 7న తన గుడారంలోనే కన్నుమూశాడు.

అప్పటికి రెండేళ్లుగా ఇంగ్లీషు కంపెనీతో యుద్ధం నడుస్తోంది. 1780లో కంచి దగ్గర పొల్లిలూరులో కంపెనీ సేన చావుదెబ్బ తింది. మన చంద్రగిరి కోట 1782లో హైదర్ చేతికి వచ్చింది. పెద్దకొడుకు టిప్పు చూస్తే ఎక్కడో పడమటి తీరాన, మలబారులో పొన్నాని దగ్గర తెల్లవాళ్లతో తలపడుతున్నాడు. తండ్రి పోయాడని పొక్కితే దండు చెదిరిపోతుంది, గద్దె కోసం కత్తులు లేస్తాయి. చిన్నకొడుకు అబ్దుల్ కరీంను నిలబెట్టాలని కుట్ర జరగనే జరిగింది, మొగ్గలోనే తుంచేశారు. అందుకే పూర్ణయ్య, కృష్ణారావు అనే ఇద్దరు బ్రాహ్మణ మంత్రులు చావు కబురును గుడారం దాటనివ్వలేదు. దొరవారికి ఒంట్లో నలతగా ఉందన్నారు. మూసిన పల్లకీని దండు వెంట నడిపించారు. టిప్పుకు మాత్రం రహస్యంగా మనిషిని పరుగెత్తించారు.

మరి మయ్యత్తు (దేహం) సంగతి? పెద్ద పెట్టె ఒకటి తెచ్చి, అబీరు, సుగంధ ద్రవ్యాల పొడితో నింపి, అందులో పడుకోబెట్టారు. ఖజానా సొమ్ము పంపే తీరులో కావలి పెట్టి కోలారుకు సాగనంపారు. నలుగురి భుజాల మీద, ఊరు ఊరంతా వెనక నడవగా పోవాల్సిన మనిషి సిపాయిల నడుమ సరుకులా పోయాడు. ఈ కథ ఎన్నిసార్లు చదివినా నా మనసు యుద్ధం దగ్గర ఆగదు, ఆ పెట్టె దగ్గరే ఆగుతుంది.

నేటి లెక్కన చిత్తూరు నుంచి మొగిలి కనుమ ఎక్కి పలమనేరు, ముళబాగిలు మీదుగా కోలారుకు సుమారు 110 కిలోమీటర్లు. బస్సులో ఒక పూట ప్రయాణం. కోలారులో హైదర్ తండ్రి ఫతే మహమ్మద్ గోరీ ఉంది. కొడుకును ముందు అక్కడే దఫన్ చేశారు. తర్వాత టిప్పు శ్రీరంగపట్నంలో గుంబజ్ కట్టించి, తండ్రిని అక్కడికి తరలించాడు. చుట్టూ 36 నల్లరాతి స్తంభాలు, లోపలి గోడల మీద పులిచారలు. 1799 మే 4న కోట కూలిన రోజు టిప్పు నేలకొరిగితే, మర్నాడు ఆయన్నూ తల్లిదండ్రుల పక్కనే పడుకోబెట్టారు.

నిజానికి ఇస్లాం చెప్పేది ఇంత పెద్ద ప్రయాణం కాదు. ఎంత త్వరగా అయితే అంత త్వరగా మట్టి చేయాలి. గుసుల్ స్నానం చేయించి, మగవాళ్లకైతే మూడు, ఆడవాళ్లకైతే అయిదు తెల్లబట్టల కఫన్ చుట్టాలి. జనాజా నమాజులో నడుము వంచే రుకూ లేదు, నుదురు ఆనించే సజ్దా లేదు, నిలబడే నాలుగు తక్బీర్లు. ఊళ్లో కొందరు చేస్తే అందరి బాధ్యత తీరినట్టే, ఒక్కరూ చేయకపోతే పాపం ఊరందరిదీ. మన ప్రాంతంలో ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో, ఎక్కడ ప్రాణం పోతే అక్కడి ఖబ్రస్తాన్‌లోనే పూడ్చడం మేలంటారు. రాచరికం అవసరాలు హైదర్‌కు ఆ సులువును దక్కనివ్వలేదు.

దూరదేశంలో చావు వచ్చి పడ్డప్పుడు ప్రతి ఇంట్లోనూ ఇదే ప్రశ్న లేస్తుంది: అక్కడే మట్టి చేయాలా, పెట్టెలో ఇంటికి తేవాలా? మదనపల్లె, రాయచోటి, చిత్తూరు వైపు ఇళ్లకు ఇది కొత్త కాదు. గల్ఫ్ నుంచి వచ్చిన పెట్టెలు ఈ ఊళ్లు చూశాయి. ఇప్పుడు పిల్లలు ఇంగ్లండు, అమెరికా పోతున్నారు.

ఆ ప్రశ్న పెద్ద ఇళ్లనూ వదల్లేదు. హైదరాబాదు నిజాం వియ్యంకుడు, చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ 1944 ఆగస్టులో పారిస్‌లో మరణించాడు. తుర్కీలో మట్టి చేస్తామంటే అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. కూతురు దుర్రు షెహవార్ ఎంత ప్రయత్నించినా ఫలితం లేకపోయింది. పదేళ్లు ఆ దేహం పారిస్ పెద్ద మసీదులోనే ఉంది. చివరికి 1954లో మదీనాలో మట్టి దక్కింది. ఖలీఫాకే పదేళ్లు ఆరడుగుల నేల కరువైంది!

అదే హైదరాబాదులో ఏళ్ల తరబడి కొలువు చేసి, ఖురాన్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన మార్మడ్యూక్ పిక్తాల్ కథ వేరు. 1936లో ఇంగ్లండులో పోయాడు. అక్కడి బ్రూక్‌వుడ్ శ్మశానంలో ముస్లింల భాగంలోనే ఆయన గోరీ. దానికి దగ్గర్లోనే ఉన్న వోకింగ్ ఊళ్లో 1889 నుంచే మసీదు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు ఆస్పత్రుల్లో చనిపోయిన మన ముస్లిం సిపాయిల కోసం ఆ మసీదుకు దగ్గర్లోనే 1917లో ప్రత్యేకంగా ఖబ్రస్తాన్ కట్టారు. సిపాయిలను వాళ్ల మతం ప్రకారం పూడ్చడం లేదని జర్మనీ ప్రచారం చేయడమే అందుకు ఒక కారణం.

నేడు ఇంగ్లండులో పని కాగితాలతో మొదలవుతుంది. డాక్టరు ధ్రువీకరించాలి, రిజిస్ట్రారు మట్టికి అనుమతిచ్చే పచ్చకాగితం ఇవ్వాలి. అనుమానం ఉంటే చావులపై విచారణ జరిపే కరోనరు చూడాలి. ఇండియాకు తేవాలంటే కరోనరు అనుమతి, ఎంబామింగ్ సర్టిఫికెట్, మన హైకమిషన్ పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు, ఆపైన విమానంలో కార్గో. హైదర్ కాలంలో అబీరు చేసిన పని ఇప్పుడు ఎంబామింగ్ రసాయనాలు చేస్తాయి. అందుకే ఇక్కడివాళ్లు దుఃఖాన్ని దిగమింగుకుని 'అక్కడే కానివ్వండి' అంటే అది బంధం తెంచుకోవడం కాదని, ఆ దేహానికి చేసే మర్యాదే అని నేను గట్టిగా నమ్ముతాను.

పలమనేరులో ఒక పెద్దాయన పక్కన కూర్చుని, ఇంగ్లండులో జరుగుతున్న ఆయన తమ్ముడి దఫన్‌ను ఫోనులో చూశాను. మంచం మీద దిండుకు ఆనించిన ఫోను, అందులో వాన తుంపర, గొడుగులు. ఆయన ఉన్నట్టుండి ముందుకు వంగాడు. "ఏంది సార్, గోరీ మూలకు తవ్వినారే! దిక్కు తప్పినారా?"

మన దగ్గర తల ఉత్తరానికి, ముఖం పడమటికి. మక్కా మనకు పడమరే కదా. ఇంగ్లండు వాళ్లకు మక్కా ఆగ్నేయాన ఉంటుంది, అందుకని తల నైరుతికి పెట్టి ముఖం ఆగ్నేయానికి తిప్పుతారు. వేలితో నేల మీద గీసి చూపించాను. ఆయన ఆ గీతల వంక చాలాసేపు చూశాడు. "ఆడినుంచైనా, ఈడినుంచైనా చూసేది ఒకే చోటికి" అన్నాడు.

అక్కడ కొన్ని శ్మశానాల్లో పెట్టెతోనే దించాలి. మనవడు వంగి మొదటి పిడికెడు మట్టి వేశాడు. చెక్క మూత మీద అది పడ్డ చప్పుడు ఫోనులోంచి వినబడింది. పెద్దాయన ఖాళీ పిడికిలి మూడుసార్లు మూసి, మూడుసార్లు తెరిచాడు.