తులసీదాస్ బలరామ్

తులసీదాస్ బలరామ్ (1936 - ఫిబ్రవరి 16, 2023) భారతదేశపు సుప్రసిద్ధ ఫుట్‌బాల్ క్రీడాకారుడు. చునీ గోస్వామి, పి.కె.బెనర్జీలతో కలిసి భారత జట్టు దాడి పంక్తిలో ప్రసిద్ధి చెందిన త్రయంలో ఇతడు ఒకడు. 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించాడు.

బాల్యము

బలరామ్ సికింద్రాబాదు సమీపాన గల అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబములో జన్మించాడు. ఇతని ప్రతిభను గుర్తించినవాడు హైదరాబాదుకు చెందిన ప్రఖ్యాత శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. అమ్ముగూడ నుండి నగరానికి శిక్షణకు వచ్చేందుకు సైకిలు అద్దె కొరకు రహీం ఇతనికి రోజుకు ఒక రూపాయి ఇచ్చేవాడని చెబుతారు.

క్రీడాజీవితము

1956-57లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాదు జట్టులో బలరామ్ సభ్యుడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు సెమీ ఫైనల్ చేరి, ఆ ఘనత సాధించిన తొలి ఆసియా జట్టుగా నిలిచింది. 1957లో ఇతడు కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరి, 1961లో దానికి నాయకత్వం వహించాడు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ చేతిలో భారత్ 1-2 తేడాతో ఓడింది. ఆ ఒక్క గోలు బలరామ్ చేసినదే. ఫ్రాన్సుతో ఆట 1-1తో సమమయింది. పెరూతో 1-3 తేడాతో ఓడిన ఆటలోనూ గోలు చేసినది ఇతడే. గ్రూపులో ప్రథమ స్థానం పొందిన జట్టు మాత్రమే సెమీ ఫైనల్ చేరే నియమం వలన భారత్ అక్కడితో వెనుదిరిగింది.

1962 జకార్తా ఆసియా క్రీడలలో థాయిలాండు, జపాన్ జట్లపై ఇతడు గోళ్ళు చేశాడు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో భారత్ 2-1 తేడాతో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణ పతకం గెలిచింది. గ్రూపు దశలో అదే కొరియా చేతిలో భారత్ 0-2 తేడాతో ఓడి ఉండటం గమనార్హం.

విరమణ, అనంతర జీవితము

ఊపిరితిత్తుల పొరకు వచ్చిన ప్లూరసీ వ్యాధి కారణంగా బలరామ్ ఇరవైల వయసులోనే, 1963 ప్రాంతంలో, ఆట విరమించవలసి వచ్చింది. తరువాత పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో స్థిరపడి, 86 ఏళ్ళ వయసులో కోల్‌కాతాలో మరణించాడు.

గుర్తింపు

1962లో అర్జున అవార్డు లభించింది. సహచరులైన చునీ గోస్వామి, పి.కె.బెనర్జీలకు పద్మశ్రీ దక్కగా, బలరామ్‌కు మాత్రం జీవితకాలంలో ఏ పద్మ పురస్కారమూ లభించలేదు. రహీం జీవితం ఆధారంగా 2024లో విడుదలైన మైదాన్ అనే హిందీ చిత్రంలో బలరామ్ పాత్ర కూడా ఉంది.